మన వైపు పిల్లోడు సినిమాలో ఎప్పుడు పెద్దోడవుతాడు?

(ఇది వీడియో ఎపిసోడ్‌కి రాతరూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడా వాక్యాలు సర్దాం, మాట తీరు మాత్రం అట్లాగే ఉంచాం. కొన్ని సినిమాల ముగింపులు కూడా ఇందులో వస్తాయి, చూడనివాళ్ళు గమనించగలరు.)

 

ఈ రోజు టాపిక్ ‘కమింగ్ ఆఫ్ ఏజ్’ సినిమాలు. అంటే పిల్లలు పెద్దవాళ్ళయ్యే కథలు. లిస్టు చెప్పి వదిలేయొచ్చు, పది సినిమాలు, పది పోస్టర్లు. కానీ ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ టాపిక్ నేను ఎందుకు ఎత్తుకున్నానో మీకు అర్థం కాదు.

2003. ఆళ్లగడ్డ నుంచి డిగ్రీ చదవడానికి హైదరాబాద్ పోయినా. హాస్టల్లో మొదటి రోజు రాత్రి రూంమేట్లు అడిగారు, ఏ ఊరు అని. ఆళ్లగడ్డ, నంద్యాల దగ్గర అన్నాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు అడిగాడు, “మీ ఇంట్లో బాంబులుంటాయా?”

మా నాయన టైలర్. మా ఇంట్లో అన్నిటికన్నా పదునైన వస్తువు గుడ్డ కత్తిరించే కత్తెర. ఆ మాట చెప్పి ఉంటే అయిపోయేది. నేను చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను. ఎందుకంటే ఆ ప్రశ్న అడిగేటప్పుడు వాడి గొంతులో కాస్త భయం ఉంది, అది నాకు నచ్చింది. పల్లెటూరోడిని, ఇంగ్లీషు రానోడిని, నన్ను చూసి హైదరాబాద్‌లో ఒకడు భయపడ్డాడు! తర్వాత నెలా రెండు నెలల్లో ఆ నవ్వు కథ అయింది. మా పెదనాయన అన్నాను, సుమోలు అన్నాను. ‘ఇంద్ర’, ‘ఆది’ 2002లో వచ్చాయి, ‘ఒక్కడు’ 2003లో. నాకు కథ కొరత లేదు.

దసరాకి ముందు మా నాయన నన్ను చూడటానికి వచ్చాడు. సంచిలో ఓళిగలు, కారం పొడి. గదిలోకి రాగానే ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఒకడు కుర్చీ తుడిచి వేశాడు. ఇంకొకడు చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. మా నాయనకు ఏమీ అర్థం కాలేదు. బస్టాప్ దాకా నడుస్తుంటే అడిగాడు, “నా గురించి ఏం చెప్పినావురా వాళ్ళకి?”

నేను జవాబు చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆ ప్రశ్న పట్టుకుని ఈ రోజు మాట్లాడుకుందాం.

అసలు ఈ సినిమాలు ఏం చేస్తాయి?

‘కమింగ్ ఆఫ్ ఏజ్’కి తెలుగులో సరిగ్గా సరిపోయే ఒక్క మాట లేదు. కానీ పెద్దవడం గురించి మనకు రెండు మాటలున్నాయి. ఆడపిల్లకైతే ‘పెద్దమనిషి అయ్యింది’ అంటాం. మగపిల్లోడికైతే ‘ప్రయోజకుడు అయ్యాడు’ అంటాం. గమనించండి. మొదటిది ఒంటికి సంబంధించింది, ఒక్క రోజులో జరిగిపోతుంది. రెండోది జీతానికి సంబంధించింది, మొదటి నెల జీతం వచ్చిన రోజు జరిగిపోతుంది. ఈ రెండు మాటల్లో ఎక్కడా మనసు లేదు.

మంచి ఎదిగే కథ ఆ వదిలేసిన చోట మొదలవుతుంది. సాధారణంగా అందులో మూడు జరుగుతాయి. ఒకటి, పిల్లలు గట్టిగా నమ్మింది ఏదో విరుగుతుంది. రెండు, అమ్మానాన్నలు మొదటిసారి మామూలు మనుషుల్లా కనిపిస్తారు, వాళ్ళకీ చేతకానివి ఉంటాయని తెలుస్తుంది. మూడు, ఇక వెనక్కి పోవడం కుదరదని పిల్లలకు అర్థమవుతుంది.

ప్రపంచంలో ఈ రకానికి అందరూ చూపించే ఉదాహరణ ఫ్రాంస్వా త్రూఫో తీసిన ‘ది 400 బ్లోస్’, 1959. ఆంత్వాన్ అనే పిల్లోడు. ఇంట్లో పట్టించుకునేవాళ్ళు లేరు, బడిలో అర్థం చేసుకునేవాళ్ళు లేరు. చివర్లో వాడు సంస్కరణ కేంద్రం నుంచి పారిపోయి, పరిగెత్తి పరిగెత్తి సముద్రం ఒడ్డుకు చేరతాడు. ముందు నీళ్ళు. వెనక్కి తిరిగి కెమెరా వైపు చూస్తాడు. బొమ్మ అక్కడే ఆగిపోతుంది. వాడు గెలిచాడా, ఓడాడా? ఆ సినిమా చెప్పదు.

మనకు ఇంకా దగ్గరది సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’, 1956. అపు చదువు కోసం కలకత్తా పోతాడు. అమ్మ ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది. సెలవులకు వచ్చిన ప్రతిసారీ వాడికి తొందర ఎక్కువవుతుంది, ఆమెకు ఎదురుచూపు ఎక్కువవుతుంది. జబ్బు పడిన సంగతి ఆమె వాడికి తెలియనివ్వదు. చివరికి వాడు వచ్చేసరికి ఆమె ఉండదు. ఇందులో చెడ్డవాడు ఎవరూ లేరు. పిల్లోడు ఎదిగాడు, దాని ఖర్చు అమ్మ కట్టింది, అంతే. సిరివెళ్ళ మీదుగా నంద్యాల బస్సెక్కి చదువుకు పోయిన ప్రతి ఆళ్లగడ్డ పిల్లోడికీ ఈ కథ తెలుసు. రాయ్ పేరు తెలియకపోయినా తెలుసు.

తెలుగులో

మనకు ఈ రకం సినిమాలు లేవని కాదు. ‘హ్యాపీ డేస్’ 2007లో వచ్చి నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌ని ఒక ఊరులాగా చూపించింది. 2008లో ‘కొత్త బంగారు లోకం’ ఇంటర్ వయసు ప్రేమతో మొదలై, నాన్న పోయిన తర్వాత కొడుకు ఏమవుతాడనే దగ్గరికి వచ్చింది. ఆ సినిమాలో కుర్రాడు పెద్దోడయ్యేది ప్రేమ వల్ల కాదు, ఆ నాన్న లేకపోవడం వల్ల.

2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ ఇంకో పని చేసింది. బడి పిల్లోడు, కుర్రాడు, మధ్య వయసు మనిషి, యాభైకి దగ్గరైన పెళ్ళికాని అటెండర్. నాలుగు కథలు వేరువేరు మనుషులవి అనుకుంటూ చూస్తాం. చివర్లో అవన్నీ ఒక్కడి జీవితమే అని తెలుస్తుంది. అంటే పెద్దవడం పద్దెనిమిదికో ఇరవైకో అయిపోయే పని కాదు, ప్రతి దెబ్బకీ మళ్ళీ మొదలవుతుంది అని దర్శకుడు వెంకటేశ్ మహా కథ అల్లికతోనే చెప్పాడు. నటించినవాళ్ళలో చాలామంది ఆ పేట మనుషులే.

ఇవన్నీ బాగున్నాయి. కానీ ఒకటి హైదరాబాద్ వైపు, ఒకటి విశాఖ వైపు. మన వైపు కథ ఏది?

సీమ పిల్లోడు, ఒక్క కట్‌లో

మన వైపు సినిమాలో పిల్లోడు ఎప్పుడూ ఉన్నాడు. ఫ్యాక్షన్ సినిమా తీసుకోండి. 1999 ‘సమరసింహా రెడ్డి’ నుంచి నాలుగైదేళ్ళు తెలుగు తెరని అదే ఏలింది. వాటిలో ఫ్లాష్‌బ్యాక్ తప్పనిసరి, ఫ్లాష్‌బ్యాక్‌లో చాలాసార్లు పిల్లోడు తప్పనిసరి.

‘ఇంద్ర’ గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో మగవాళ్ళు చనిపోతారు. అవ్వ కుప్పకూలిపోతుంది. ఒక చిన్న పిల్లోడు ముందుకొచ్చి, ఇంటికి నేనున్నానని నిలబడతాడు. థియేటర్లో ఈలలు. అప్పుడు నేనూ వేశాను. ఆ పిల్లోడిగా వేసింది తేజ సజ్జా. తర్వాత కథలో ఆ పిల్లోడు చిరంజీవి అయిపోతాడు.

‘ఆది’లో కూడా పిల్లోడి కళ్ళ ముందే అమ్మానాన్నలు పోతారు, తర్వాత కనిపించేది పగ తీర్చుకునే మనిషి. ‘నరసింహనాయుడు’లో ఊరిని కాపాడటానికి ఇంటికో కొడుకుని ఇమ్మని అడుగుతారు, తండ్రి ఇస్తాడు. ఆ కొడుకుని మాత్రం ఎవరూ అడగరు.

మూడింట్లోనూ ఏమైందో చూడండి. పిల్లోడు, రక్తం, కట్, మీసాలు. మధ్యలో పది పన్నెండేళ్ళు లేవు. వాడు ఏ బడికి పోయాడు? రాత్రి నిద్ర పట్టిందా? ఎవరికైనా చెప్పుకుని ఏడ్చాడా? వద్దనుకున్నాడా ఒక్కసారైనా? ఎదిగే కథ అంటే ఆ మధ్య ఏళ్ళే కదా. సరిగ్గా వాటినే ఎడిటింగ్ టేబుల్ మీద తీసేశారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఫ్యాక్షన్ కట్టుకథ అని నేను అనడం లేదు. మన ప్రాంతంలో అది జరిగింది. నాన్నలు పోయిన పిల్లలు మాతోపాటు బెంచీ మీద కూర్చున్నారు. నా అభ్యంతరం ఆ పిల్లల తరఫునే. వాళ్ళలో నాకు తెలిసిన ఒకడు పగ తీర్చుకోలేదు. పదో తరగతిలో పుస్తకం అట్ట మీద తండ్రి పేరు రాసే చోట ఖాళీ వదిలేసేవాడు. వాడి సినిమా ఎవరూ తీయలేదు.

తీయడానికి దగ్గరగా వచ్చినవి రెండున్నాయి. 1998లో కృష్ణవంశీ ‘అంతఃపురం’. అందరూ దాన్ని సౌందర్య నటన కోసం, ప్రకాశ్ రాజ్ కోసం గుర్తుపెట్టుకుంటారు. కథ మధ్యలో ఉన్నది మాత్రం ఒక చిన్న పిల్లోడు. భర్త పోయిన కోడలు కొడుకుని తీసుకుని బయటపడాలంటుంది. తాత మనవడిని వదలనంటాడు. అంటే గొడవంతా ఒకటే: ఈ పిల్లోడు ఎట్లా పెరగాలి? ఫ్యాక్షన్ సినిమాలో ఆ ప్రశ్న అంత సూటిగా అడిగింది ఇంకొకటి నాకు తెలీదు.

రెండోది 2018 ‘అరవింద సమేత’. హీరో కథ మనందరికీ తెలుసు: లండన్ నుంచి వస్తాడు, తండ్రిని పోగొట్టుకుంటాడు, ఇక చాలనుకుంటాడు. నాకు మాత్రం అవతలి ఇంటి కొడుకు బాల్ రెడ్డి మీద చూపు ఆగింది. వాడు తండ్రి నీడలో పెరిగాడు. ఒకరోజు రాజీ మంచిదే అనిపిస్తుంది వాడికి. అంటే మొట్టమొదటిసారి సొంతంగా ఆలోచించాడు. దానికి కన్నతండ్రే చంపేస్తాడు. నిజానికి ఆ సినిమాలో పెద్దోడయినవాడు వాడే. సినిమా వాడికి కొద్ది నిమిషాలే ఇచ్చింది.

నంద్యాలలో పెద్దవడం

మరి తెర బయట మన వైపు పిల్లలు ఎట్లా పెద్దవాళ్ళవుతున్నారు? నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. కానీ దానికి చాలా ముందు నుంచే తెలుగు కుర్రాళ్ళ నోట్లో నంద్యాల అంటే బ్యాంకు కోచింగ్. ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అద్దె గది, ముగ్గురు నలుగురు, మెస్సు కార్డు, గోడకు అంటించిన టైంటేబుల్, ఫోన్లో మాక్ టెస్టు స్కోరు.

ఈ చదువుకు ఒక విచిత్రం ఉంది. ఐబీపీఎస్ క్లర్క్ పరీక్షకు మామూలుగా 20 నుంచి 28 ఏళ్ళు, పీఓకి 20 నుంచి 30. రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు కొన్నేళ్ళ సడలింపు. అంటే ఇక్కడ పెద్దవడానికి కింద గీతే కాదు, పైన కూడా గీత ఉంది. ఆ లోపల ‘ప్రయోజకుడు’ కావాలి. ప్రిలిమ్స్ పోతుంది. మళ్ళీ రాస్తారు. ప్రిలిమ్స్ వస్తుంది, మెయిన్స్ పోతుంది. పక్క మంచం వాడికి ఉద్యోగం వస్తుంది. స్వీట్లు పంచి, పెట్టె సర్దుకుని పోతాడు. ఆ ఖాళీ మంచంలోకి కొత్త కుర్రాడు వస్తాడు, వీడికన్నా నాలుగేళ్ళు చిన్న. వచ్చిన రోజే వీడిని ‘అన్నా’ అంటాడు.

ఆ ‘అన్నా’ అనే పిలుపు చాలు నాకు. అదొక్కటీ సినిమా. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు, గదిలో అందరికన్నా పెద్ద తనే అని తెలిసినప్పుడు, ఊరి నుంచి నాన్న ఫోన్ చేసి ఫలితం అడగకుండా వానల గురించి మాట్లాడినప్పుడు, వాడి మొహం మీద కెమెరా పెడితే చాలు. బాంబు అక్కర్లేదు. రిచర్డ్ లింక్‌లేటర్ ‘బాయ్‌హుడ్’ (2014) అట్లా తీసిందే. ఒకే కుర్రాడితో పన్నెండేళ్ళ పాటు, ఏటా కొంచెం కొంచెం తీశాడు. పెద్ద సంఘటనలేమీ ఉండవు. ఇళ్ళు మారతారు, జుట్టు మారుతుంది, గొంతు మారుతుంది. కొడుకు కాలేజీకి సామాను సర్దుకుంటుంటే అమ్మ ఏడుస్తుంది. మన ఫ్యాక్షన్ సినిమా ఒక్క కట్‌లో దాటేసిన కాలాన్నే ఆయన సినిమా అంతా చేశాడు.

ఆళ్లగడ్డలో ఇంకో రకం. మా ఊరు రాతి శిల్పాలకు పేరు. రోడ్డు పక్కన షెడ్లలో ఉలి చప్పుడు వింటూ పెరిగినవాళ్ళం. పనిలో చేరిన పిల్లోడికి ముందు దుమ్ము ఊడ్చడం, రాయి పట్టుకోవడం, నునుపు చేయడం. విగ్రహానికి కళ్ళు తెరవడం ఆఖరి పని, అది పెద్దాయన చేతిపని. ఏదో ఒకరోజు ఆయన ఉలి చేతికిచ్చి పక్కకు జరుగుతాడు. ఆ పక్కకు జరగడం చూసినవాళ్ళకు, పెద్దవడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆడపిల్లల సంగతి

ఇప్పటిదాకా అంతా మగపిల్లల గురించే మాట్లాడాను. సినిమాలు కూడా అదే చేశాయి. ఫ్యాక్షన్ సినిమాలో పిల్లోడికి కనీసం ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంది, వాడి అక్కచెల్లెళ్ళకు అది కూడా లేదు. ఎవరినో కాపాడటానికో, ఎవరికో పెళ్ళి చేయడానికో ఉంటారు.

తెలుగులో ఆడపిల్ల ఎదగడాన్ని కళ్ళు తిప్పుకోకుండా చూసిన సినిమా ఒకటి చెప్తాను, ‘వనజ’, 2006. రజనేశ్ దోమలపల్లి కొలంబియా యూనివర్సిటీలో తన చదువులో భాగంగా తీశాడు. మమత భూక్యా అనే అమ్మాయి చేసింది. జాలరి కూతురు, దొరసాని ఇంట్లో పనికి చేరి కూచిపూడి నేర్చుకుంటుంది. దొరసాని కొడుకు ఆమె మీద అఘాయిత్యం చేస్తాడు. అక్కడ నుంచి ఆ పిల్ల ఎట్లా నిలబడిందన్నదే కథ. 2007 బెర్లిన్ ఫెస్టివల్లో ఉత్తమ తొలి చిత్రం అవార్డు వచ్చింది. మన ఊళ్ళల్లో ఎంతమంది చూశారు? నంద్యాల కోచింగ్ క్లాసుల్లో ఇప్పుడు అమ్మాయిలూ కూర్చుంటున్నారు. వాళ్ళకు పరీక్ష బోర్డు పెట్టిన గీత ఒకటి, ఇంట్లో సంబంధాలు చూసేవాళ్ళు పెట్టిన గీత ఇంకొకటి. రెండో గీత మొదటిదానికన్నా ముందే వస్తుంది. ఆ సినిమా ఇంకా రాలేదు.

ఇప్పుడు మారుతోందా?

కొంచెం. 2024లో ‘35’ వచ్చింది, ‘చిన్న కథ కాదు’ అనేది దాని తోక. కథ తిరుపతిలో. అంటే సీమలోనే. అరుణ్ అనే పిల్లోడికి లెక్కలు రావు. రావు అంటే, సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎట్లా అవుతుందని అడుగుతాడు. జవాబు చెప్పకుండా నమ్మమంటే నమ్మడు. నివేదా థామస్ వేసిన అమ్మ పాత్ర తనే పది తప్పింది. కొడుకు కోసం ఆమె మళ్ళీ పుస్తకం పడుతుంది. మొత్తం యుద్ధం 35 మార్కుల కోసం. సీమ పిల్లోడు తెర మీద కత్తి పట్టకుండా, ఒక ప్రశ్న పట్టుకుని నిలబడటం చూసి నాకు గొంతు పట్టేసింది. నిజంగా.

ఇంకో సరదా సంగతి. ‘ఇంద్ర’లో ఇంటికి పెద్దదిక్కుగా నిలబడిన ఆ తేజ సజ్జా పెరిగి, 2021లో ‘జాంబీ రెడ్డి’ చేశాడు. అదీ సీమ ఫ్యాక్షన్ కథే, కానీ జాంబీలతో, నవ్వుకోవడానికి. పందొమ్మిదేళ్ళలో మనం ఈలల నుంచి నవ్వు దాకా వచ్చాం. నవ్వు తర్వాత మామూలు కథ రావాలి.

ఈసారి ఇట్లాంటి సినిమా చూసేటప్పుడు మీరే మూడు ప్రశ్నలు వేసుకోండి. మధ్య ఏళ్ళు చూపించాడా, కట్ చేశాడా? ఆ పిల్లోడో పిల్లో ఒక్కసారైనా ‘వద్దు’ అనగలిగే వీలు కథలో ఉందా? వాళ్ళు ఎదిగినందుకు ఖర్చు ఎవరు కట్టారు, వాళ్ళ మొహం మనకు చూపించారా?

మా నాయన సంగతి చెప్పి ముగిస్తాను. హాస్టల్లో ఆ రోజు తర్వాత పదిహేనేళ్ళకు, టీవీలో ఏదో ఫ్యాక్షన్ సినిమా వస్తుంటే, నేనే ఎత్తాను. ఆ రోజు వాళ్ళకి నువ్వు ఫ్యాక్షనిస్టువని చెప్పినా నాయనా అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు, “టైలర్ అని చెప్పడానికి నామోషీ అనిపించిందా?”

అవును నాయనా అన్నాను. ఆయన తలూపి, సినిమా సౌండు తగ్గించాడు. నాకు అప్పుడు ముప్పై నాలుగేళ్ళు. నేను పెద్దోడయింది ఆ రోజే అనుకుంటాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఒకసారి అడగండి, పంతొమ్మిదేళ్ళప్పుడు ఏం చేస్తుండేవాళ్ళో. తెర మీద లేని సినిమా చాలావరకు అక్కడే ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.